గుర్తు ఎప్పుడు తిప్పాలి? ఏడో తరగతి సమీకరణాలు, అసమీకరణాలు

నీలిమ (ఎడిసన్, న్యూజెర్సీ)

నమస్తే అందరికీ. మా అమ్మాయి ఇక్కడ ఏడో గ్రేడ్. విజయవాడలో మా చెల్లెలి కొడుకు కూడా ఏడో తరగతే. వాడికి సామాన్య సమీకరణాలు నడుస్తున్నాయి. ఇక్కడ వాటితో పాటు అసమీకరణాలు (సమానం గుర్తు బదులు 'పెద్దది', 'చిన్నది' గుర్తులు ఉండేవి) కూడా ఏడులోనే చెప్తున్నారు. శని, ఆదివారాల్లో ఇద్దరూ వీడియో కాల్ పెట్టుకుని లెక్కలు చేస్తుంటారు, నేను పక్కన కూర్చుని కూరగాయలు తరుగుతూ వింటుంటాను. (ఫోన్లో కీబోర్డు మార్చి మార్చి విసుగొచ్చింది, అందుకని ఎక్స్ బదులు 'య' అని రాస్తున్నాను. ఏమనుకోకండి.)

ఈ వారం వాళ్ల నోట్‌బుక్కుల్లో కనిపించినవి ఇవి.

వాడు:
3య − 7 = 11
3య = 11 + 7 = 18
య = 18 − 3 = 15

మా అమ్మాయి:
5 − 2య ≥ 11
−2య ≥ 6
య ≥ −3

దాని కిందే ఇంకోటి:
3య > −12
య < −4

వాడినడిగితే "అటు వెళ్తే గుర్తు మారాలి కదా పెద్దమ్మా" అంటాడు. దీన్నడిగితే "మైనస్ ఉంటే గుర్తు తిప్పాలి, మొదటిదాంట్లో మర్చిపోయా, రెండోదాంట్లో తిప్పా కదా" అంటుంది. రూలు ఇద్దరికీ నోటికి వచ్చు, లెక్క మాత్రం తప్పుతోంది. నేను చదువుకున్నది కామర్స్, నాకూ పక్షాంతరం (గుర్తు మార్చి సమానం అవతలికి పంపడం) తప్ప ఇంకోటి గుర్తులేదు. వీళ్లకి ఎలా చెప్పాలి?

లెక్కల వాసు (హనుమకొండ)

అక్కా, మీవాడి లెక్క మా ట్యూషన్లో రోజుకొకరు చేస్తరు. పక్షాంతరం చెప్పేటప్పుడు "ప్లస్ అటు పోతే మైనస్, మైనస్ పోతే ప్లస్, గుణకారం పోతే భాగహారం, భాగహారం పోతే గుణకారం" అని నాలుగూ ఒక్క ఊపిరిలో చెప్తాం. పిల్లలకు మొదటి రెండే అంటుకుంటాయి. పైగా 3యలో గుణకారం గుర్తు కంటికి కనపడదు. 3 ముందు ఏ గుర్తూ లేదు కాబట్టి ప్లస్ అనుకున్నడు, అటు పంపి మైనస్ చేసిండు. వాడి లెక్కన వాడు కరెక్టే!

కొన్నాళ్లు 3య అని రాయనియ్యకండి. 3 × య అని రాయమనండి. ఆ గుర్తు కనపడితే సగం తప్పులు పోతాయి.

అసమీకరణాల సంగతి నేను చెప్పలేను, మన దగ్గర ఏడులో లేవు. అవి ఇంటర్‌లో వర్గ సమాసాలతో పాటు వస్తాయి.

పంతులుగారు (అమలాపురం, రిటైర్డ్)

నీలిమ గారూ, 'య' అని రాసినందుకు ఏమీ అనుకోనక్కర్లేదు. భాస్కరాచార్యుడు తన బీజగణితంలో తెలియని రాశిని యావత్తావత్ అన్నాడు, లెక్కలో పొట్టిగా 'యా' అని రాసుకున్నాడు. రెండో తెలియని రాశి వస్తే కాలకం, మూడోది నీలకం, అలా రంగుల పేర్లు. రుణసంఖ్య అయితే అంకె నెత్తిన చుక్క పెట్టేవారు. మీరు పాత దారిలోనే ఉన్నారు.

ఇక వాసు గారితో నాకు చిన్న పేచీ ఉంది. గుణకారం గుర్తు రాయించడం మంచిదే. కానీ అసలు తిరకాసు "అటు వెళ్తుంది" అన్న మాటలోనే ఉంది. అటు ఏదీ వెళ్లదండీ. 3య − 7 = 11 అంటే ఏమిటి? ఏదో సంఖ్యని 3తో గుణించి, అందులోంచి 7 తీసేస్తే 11 మిగిలింది. తీసేసిన 7ని మళ్లీ కలిపేస్తే 3య మాత్రమే మిగులుతుంది. కానీ ఒకవైపే కలిపితే సమానం చెడిపోతుంది కాబట్టి రెండువైపులా కలుపుతాం.

3య − 7 + 7 = 11 + 7

మనం పెద్దవాళ్లం ఈ వరుసని మనసులోనే దాటేసి, 3య = 11 + 7 అని కింద వరుస రాసేస్తాం. చూసే పిల్లవాడికి 7 గోడ దూకి అవతలపడ్డట్టు, దూకుతూ చొక్కా మార్చుకున్నట్టు కనిపిస్తుంది. వాడు నేర్చుకునేది ఆ దూకుడే.

నేను ఏడో తరగతికి చెప్పినప్పుడు ఆ మధ్య వరుస లేకపోతే జవాబు సరిగ్గా ఉన్నా దిద్దేవాణ్ణి కాదు. పక్కన ఇంకో అలవాటు కూడా చేయించేవాణ్ణి. ప్రతి వరుస పక్కనా ఏం చేశావో మాటల్లో రాయాలి: "రెండువైపులా 7 కలిపాను", "రెండువైపులా 3తో భాగించాను". మీవాడిని అడిగి చూడండి, "య = 18 − 3" పక్కన ఏం రాస్తావని. "రెండువైపులా 3 తీసేశాను" అని రాస్తే, 3యలోంచి 3 తీసేస్తే య వస్తుందా అని వాడే ఆగుతాడు. య 10 అనుకో, 3య 30. అందులో 3 తీసేస్తే 27 కదా, 10 ఎలా అవుతుంది?

లెక్కల వాసు (హనుమకొండ)

మాస్టారూ, మీరు చెప్పింది తరగతి గదిలో బాగుంటది. నా దగ్గర ఎనిమిదో తరగతి పిల్లలు ఎన్ఎంఎంఎస్‌ స్కాలర్‌షిప్ పరీక్షకు తయారైతున్నరు. అందులో ఒక్కో పేపర్‌కు 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. లెక్కకు నాలుగు వరుసలు రాసి పక్కన వ్యాఖ్యానం కూడా రాస్తే పేపర్ సగం కూడా కాదు. పక్షాంతరం షార్ట్‌కట్టే, ఒప్పుకుంటా. షార్ట్‌కట్ లేకుండా పరీక్ష ఎట్ల?

పంతులుగారు (అమలాపురం, రిటైర్డ్)

ఎన్ఎంఎంఎస్‌లో నాలుగు జవాబులు కిందే ఇచ్చి ఉంటాయి కదా బాబూ. 3య − 7 = 11కి ఆప్షన్లు 4, 6, 15, 18 అనుకోండి. ఒక్కొక్కటీ వేసి చూస్తే 6 దగ్గర 18 − 7 = 11, అయిపోయింది. పక్షాంతరం కంటే అదే త్వరగా అవుతుంది. యత్నదోష పద్ధతిని మనవాళ్లు చిన్నచూపు చూస్తారు గానీ, సమీకరణానికి సాధన అంటే ఏమిటో అర్థమయ్యేది అక్కడే. యకి బదులు ఆ సంఖ్య వేస్తే రెండువైపులా ఒకటే విలువ రావాలి, అంతకు మించి అందులో ఏమీ లేదు. మీవాడు 15 వేసి చూసుకుంటే 45 − 7 = 38 వచ్చేది. అప్పుడు ఎవరూ చెప్పనక్కర్లేకుండా వాడికే తెలిసేది.

లెక్కల వాసు (హనుమకొండ)

ఆప్షన్లు వేసి చూసుడు నేనూ చెప్తా. అది సరే. కానీ పదో తరగతిలో రెండు చరరాశులు వచ్చినంక పక్షాంతరం లేకుండా కుదరదు, ఆ మాట మీద నేనుంటా.

శ్రావణి_డీఎస్సీ (శ్రీకాకుళం)

నేను డీఎస్సీకి ప్రిపేర్ అవుతున్నా, ఈ టాపిక్ మెథడాలజీలో కూడా ఉంది. తక్కెడ బొమ్మ గీసి చెప్తే పిల్లలకి రెండువైపులా ఒకటే చేయాలన్నది బాగా ఎక్కుతుందండి. రెండు పళ్లాలూ సమంగా ఉన్నప్పుడు ఒకదాంట్లో ఏం వేస్తే రెండోదాంట్లోనూ అదే వేయాలి. అసమీకరణం అంటే ఒక పళ్లెం కిందికి దిగి ఉంది. రెండువైపులా ఒకే బరువు వేసినా, తీసినా దిగినది దిగినట్టే ఉంటుంది.

ఇంకో తప్పు కూడా చాలామంది చేస్తారు, భిన్నాల దగ్గర:

య/4 − 3 = 2
య − 3 = 8
య = 11

4తో య/4ని, 2ని గుణించారు గానీ మధ్యలో 3ని వదిలేశారు. 4తో గుణిస్తే పళ్లెంలో ఉన్న ప్రతిదాన్నీ గుణించాలి: య − 12 = 8, య = 20. లేదా ముందు 3 కలిపేసుకుని, య/4 = 5 చేసుకుని, తర్వాత గుణిస్తే గొడవే లేదు.

తర్కం

తక్కెడ బాగుంది గానీ, శ్రావణి గారూ, −2య కిలోలు ఏ పళ్లెంలో పెడతారు?

శ్రావణి_డీఎస్సీ (శ్రీకాకుళం)

😄 అవును, రుణసంఖ్యల దగ్గర ఆగిపోవాల్సిందే. మా సార్ గ్యాస్ బెలూన్ కట్టమంటారు, పైకి లాగుతుందని. బోర్డు మీద బెలూన్లు గీసేసరికి పిల్లలు లెక్క మర్చిపోయి బెలూన్లే చూస్తారు.

తర్కం

అందుకే అన్నా. నీలిమ గారి అమ్మాయి తప్పు సరిగ్గా తక్కెడ చేతులెత్తేసే చోటే ఉంది. రుణసంఖ్యతో గుణిస్తే గుర్తెందుకు తిరగాలో తక్కెడ చెప్పలేదు. అక్కడ సంఖ్యారేఖ కావాలి.

2 < 5. సంఖ్యారేఖ మీద 2 ఎడమన, 5 కుడిన. రెండింటినీ −1తో గుణించండి. −2, −5. ఇప్పుడు −5 ఎడమకి పోయింది, −2 కుడిన ఉంది. కాబట్టి −2 > −5. సున్నాకి ఎంత దూరం కుడిన ఉండేదో అంత దూరం ఎడమకి పోయింది కాబట్టి వరుస తారుమారైంది. దీనికి ఇంతకంటే పెద్ద కారణం లేదు.

నమ్మకపోతే తీసివేతతో చూడండి. అ < ఆ అంటే ఆ − అ ధనసంఖ్య. ఇప్పుడు −అ లోంచి −ఆ తీసేయండి: −అ + ఆ. అంటే అదే ఆ − అ, అదే ధనసంఖ్య. కాబట్టి −అ పెద్దది, −ఆ చిన్నది. పూర్తిగా నిరూపణ అయిపోయింది, ఏడో తరగతి పిల్లలకి అందేదే.

కిరణ్ (బెంగళూరు)

ఇంకో దారి ఉంది. ఆ రూలు అసలు వాడకుండానే చేయొచ్చు. రుణ పదాన్ని భాగించకండి, రెండువైపులా కలిపేయండి.

5 − 2య ≥ 11
రెండువైపులా 2య కలిపితే: 5 ≥ 11 + 2య
రెండువైపులా 11 తీసేస్తే: −6 ≥ 2య
2తో భాగిస్తే: −3 ≥ య

అంటే య విలువ −3 గానీ అంతకంటే తక్కువ గానీ. కలపడం, తీసేయడం, ధనసంఖ్యతో భాగించడం, ఈ మూడింటికీ గుర్తు మారదు. ఎక్కడా తిప్పలేదు. అయినా జవాబులో య కుడివైపుకి వచ్చి కూర్చుంది, కుడినుంచి చదివితే య ≤ −3. గుర్తు తిరగడం అంటే ఇదే, ఈ రెండు మూడు వరుసల పనిని ఒక్క వరుసలో చేసేయడం.

మా అబ్బాయికి రూలు చెప్పకముందు ఇలా నాలుగైదు లెక్కలు చేయించా. తర్వాత "మధ్య వరుసలు లేకుండా ఒక్కసారే −2తో భాగిస్తే ఏం చేయాలి" అని అడిగితే వాడే చెప్పాడు.

పంతులుగారు (అమలాపురం, రిటైర్డ్)

భేష్ కిరణ్. నేను సమీకరణాలకి చెప్పింది మీరు అసమీకరణాలకి చేసి చూపించారు.

నీలిమ గారూ, మీ అమ్మాయి రెండో లెక్క 3య > −12 మీద ఎవరూ మాట్లాడలేదు. నా దృష్టిలో అదే ఎక్కువ ప్రమాదం. "మైనస్ కనిపిస్తే తిప్పు" అని మనసులో పడిపోయింది. అక్కడ భాగించింది 3తో. 3 ధనసంఖ్య. −12 అనేది లెక్కలో ఉన్న సంఖ్యే గానీ, మనం దానితో గుణించలేదు, భాగించలేదు. గుర్తు తిరగాలా వద్దా అని తేల్చేది మనం చేసే పని, కాగితం మీద ఎక్కడో ఉన్న మైనస్ కాదు. జవాబు య > −4. పక్కన మాటల్లో "రెండువైపులా 3తో భాగించాను" అని రాస్తే, ఆ మాటలో మైనస్ ఉందా లేదా అని చూస్తే చాలు.

సరిచూడటం కూడా నేర్పండి. అసమీకరణానికి జవాబులు ఎన్నో ఉంటాయి కాబట్టి సరిచూడలేమని పిల్లలు అనుకుంటారు. సున్నా వేసి చూడమనండి, సున్నాతో లెక్క తేలిక. 3 × 0 = 0, 0 > −12 నిజమే. కాబట్టి సున్నా జవాబుల్లో ఉండి తీరాలి. య < −4లో సున్నా లేదు. దొరికిపోయింది. మొదటి లెక్కలో 5 − 0 = 5, 5 ≥ 11 అబద్ధం. కాబట్టి సున్నా జవాబుల్లో ఉండకూడదు. మీ అమ్మాయి రాసిన య ≥ −3లో సున్నా ఉంది. అదీ దొరికిపోయింది.

నీలిమ (ఎడిసన్, న్యూజెర్సీ)

మాస్టారూ, ఈ సున్నా చిట్కా నిజంగా బాగుంది! సాయంత్రం చెప్తే వెంటనే పాత హోంవర్కు అంతా తీసి సున్నా వేసుకుంటూ కూర్చుంది. ఒకచోట య > 0 అని జవాబు వస్తే "ఇప్పుడేం వేయాలి" అని అడిగింది. 1 వేసి చూడమన్నాను, సరేనా?

పంతులుగారు (అమలాపురం, రిటైర్డ్)

సరే. సరిహద్దు కాని సంఖ్య ఏదైనా ఫరవాలేదు. సరిహద్దు దగ్గర ఇంకోపని ఉంది, అది ≥ లేదా > అన్నది తేలుస్తుంది. 5 − 2యలో య = −3 వేస్తే 5 + 6 = 11. 11 ≥ 11 నిజమే కాబట్టి −3 కూడా జవాబే, సంఖ్యారేఖ మీద నిండు చుక్క. 3య > −12లో −4 వేస్తే −12 > −12 అబద్ధం, అక్కడ ఖాళీ సున్న. ఈ చుక్కల తేడాకి వాళ్ల స్కూల్లో మార్కులు పోతుంటాయి, చూసుకోమనండి.

మీ ఇద్దరు పిల్లలకీ ఒక చిన్న ప్రశ్న వేయండి. కాగితం, పెన్ను వద్దు, ఊరికే అడగండి. 8 + 4 = □ + 5. గడిలో ఎంత?

నీలిమ (ఎడిసన్, న్యూజెర్సీ)

అడిగాను. మా అమ్మాయి కాసేపు ఆలోచించి 7 అంది. వాడు ఠక్కున 12 అన్నాడు. "మరి ఆ 5?" అంటే "12 + 5 = 17, అది తర్వాతది పెద్దమ్మా" అన్నాడు!

పంతులుగారు (అమలాపురం, రిటైర్డ్)

అనుకున్నాను. వాడి కంటికి సమానం గుర్తు అంటే "జవాబు ఇక్కడ రాయి" అని. ఒకటో తరగతి నుంచి 8 + 4 = అని రాసి పక్కన ఖాళీ వదిలేది మనమే కదా. ఈ గుర్తుని 1557లో మొదట అచ్చు వేయించినవాడు వేల్స్ దేశస్థుడు రాబర్ట్ రికార్డ్. ఒకే పొడవున్న రెండు సమాంతర రేఖల కంటే సమానమైనవి ఇంకేముంటాయని ఆ గుర్తు ఎంచుకున్నాడు. పైది, కిందది ఒకటే. ఎడమ, కుడి కూడా అంతే.

మీవాడి నోట్‌బుక్‌లో ఇలాంటిది కూడా ఉంటుంది, వెతకండి: 3య = 18 = 18 ÷ 3 = 6. అంటే 18, 6 సమానం అని రాసినట్టు. టీచర్లు చూసీచూడనట్టు వదిలేస్తారు, జవాబు సరిగ్గానే ఉంది కాబట్టి. నేను వదలను. ఒక వరుసలో ఒకే సమానం గుర్తు, సమానం గుర్తులన్నీ ఒకదాని కింద ఒకటి.

గోదారి గంగరాజు

ఈ వేదికలో నాకు పదో తరగతి గుర్తొచ్చేసిందండోయ్. మా పాత సిలబస్‌లో లీనియర్ ప్రోగ్రామింగ్ ఉండేది. అసమీకరణాలన్నీ గ్రాఫ్ పేపర్ మీద గీసి, షేడ్ వేసి, మూలల దగ్గర విలువలు వేసి గరిష్ఠ లాభం కనుక్కోవాలి. అప్పుడు ఎటువైపు షేడ్ వేయాలో తెలియక సున్నా, సున్నా వేసి చూసేవాళ్లం. మాస్టారు చెప్పిన చిట్కా అదే అన్నమాట! అర్థం తెలియకుండా చేశాం గానీ మార్కులు మాత్రం పడ్డాయి.

మాలతి (కూకట్‌పల్లి)

నేను అకౌంట్స్ చూస్తాను, టీచర్ని కాదు. కానీ మా పాపతో నాకు వచ్చే చిక్కు వేరే. సమీకరణం ఇస్తే చేసేస్తుంది, మాటల లెక్క ఇస్తే గడ్డకట్టుకుపోతుంది. జవాబు వచ్చాక కూడా దాన్ని ఏం చేయాలో తెలియదు. మొన్న నేనే రెండు లెక్కలు ఇచ్చా.

మొదటిది: 500 రూపాయలు ఉన్నాయి. 140 పెట్టి జామెట్రీ బాక్స్ కొన్నావు. నోట్‌బుక్ ఒక్కోటి 38. ఎన్ని కొనగలవు?

రెండోది: స్కూల్ నుంచి 200 మంది పిక్నిక్‌కి వెళ్తున్నారు. ఒక్కో బస్సులో 45 మంది. ఎన్ని బస్సులు కావాలి?

మొదటిదాన్ని 38య + 140 ≤ 500 అని బాగానే రాసింది. 38య ≤ 360, య ≤ 9.47. జవాబు 9.47 నోట్‌బుక్కులు అని రాసి అండర్‌లైన్ కూడా చేసింది. రెండోది 45య ≥ 200, య ≥ 4.44, దగ్గరి పూర్ణసంఖ్య 4 కాబట్టి 4 బస్సులు. మిగిలిన 20 మంది నడిచి వస్తారా అంటే నవ్వింది.

మొదటిదాంట్లో 9కి దిగాలి, రెండోదాంట్లో 5కి ఎక్కాలి. దశాంశం 0.5 కంటే తక్కువైతే వదిలేయమని నేర్పారు, అది ఇక్కడ పనికిరాదు. అసమీకరణం రాసుకుని చూస్తే ఏ వైపు పూర్ణసంఖ్య తీసుకోవాలో అదే చెప్తుంది: 9.47 కంటే తక్కువున్న వాటిలో పెద్దది, 4.44 కంటే ఎక్కువున్న వాటిలో చిన్నది. నాకైతే అసమీకరణాల అసలు ఉపయోగం ఇక్కడే కనిపించింది. బజార్లో మనకి "సరిగ్గా ఇంత" అనే లెక్కలు తక్కువ. "ఇంతకు మించకుండా", "కనీసం ఇంత" అనేవే ఎక్కువ. అలాంటిది మన సిలబస్‌లో ఇంటర్ దాకా ఎందుకు ఆపారో అర్థం కాదు.

లెక్కల వాసు (హనుమకొండ)

మాలతి గారూ, ఆపింది మంచికే అంటా. ఏడులో పూర్ణసంఖ్యలే సరిగ్గ రావు. −7, −3లలో ఏది పెద్దది అంటే సగం క్లాసు −7 అంటది. ఆ పునాది లేకుండా గుర్తు తిప్పుడు చెప్తే ఇంకో రూలు బట్టీ పట్టినట్టే.

మాలతి (కూకట్‌పల్లి)

గుర్తు తిప్పే లెక్కలు తర్వాత చెప్పొచ్చు వాసు గారూ. నా నోట్‌బుక్కుల లెక్కలో మైనస్ ఎక్కడుంది?

లెక్కల వాసు (హనుమకొండ)

అది నిజమే. అట్లయితే ఏడులో కూడా చెప్పొచ్చు.

పంతులుగారు (అమలాపురం, రిటైర్డ్)

మాటల లెక్కలు అడిగారు కాబట్టి పిల్లలకి ఒకటి. భాస్కరాచార్యుడి లీలావతిలోది, 1150 నాటిది. తామరపూల రాశిలో మూడో వంతు శివుడికి, అయిదో వంతు విష్ణువుకి, ఆరో వంతు సూర్యుడికి, నాలుగో వంతు భవానికి సమర్పించగా మిగిలిన 6 పూలు గురువుకి. మొత్తం ఎన్ని పూలు?

కిరణ్ (బెంగళూరు)

మావాడు చేశాడు. య/3 + య/5 + య/6 + య/4 + 6 = య. అన్నింటినీ 60తో గుణించి 20య + 12య + 10య + 15య + 360 = 60య. 57య + 360 = 60య, 360 = 3య, య = 120. శ్రావణి గారు చెప్పిన తప్పు మొదటిసారి వాడూ చేశాడు, 6ని గుణించకుండా వదిలేశాడు. 3య = 6, 2 పూలు వచ్చాయి. రెండు పూలలో ఆరో వంతు ఎలా ఇస్తావురా అంటే మళ్లీ చేశాడు.

పంతులుగారు (అమలాపురం, రిటైర్డ్)

భాస్కరుడు దీన్ని 'యా' పెట్టకుండానే చేశాడు, ఇష్టకర్మ అంటారు. ఏదో ఒక ఇష్టమైన సంఖ్య అనుకో. 60 పూలు అనుకుంటే 20, 12, 10, 15 పోగా 3 మిగిలాయి. మనకి మిగలాల్సింది 6, రెండింతలు. కాబట్టి పూలు కూడా రెండింతలు, 120. నోటితో అయిపోయింది.

వాసు గారు షార్ట్‌కట్ అడిగారు కదా, ఇదిగో. కానీ ఇది అన్నిచోట్లా పారదు. 3య − 7 = 11కి 4 అనుకుంటే 12 − 7 = 5 వస్తుంది, 11ని 5తో భాగించి ఆ రెట్లు చేస్తే తప్పు జవాబు. మధ్యలో ఆ 7 ఉంది కాబట్టి రాశి రెండింతలైతే ఫలితం రెండింతలు కాదు. పూల లెక్కలో ఇచ్చేవన్నీ రాశిలో వంతులే కాబట్టి మిగిలేది కూడా దానితో పాటే పెరుగుతుంది.

లెక్కల వాసు (హనుమకొండ)

ఇది రేపే ట్యూషన్లో చెప్తా మాస్టారూ. ఎక్కడ పారదో కూడా చెప్తా, లేకపోతే మీరు ఊరుకోరు.

తర్కం

పనిలో పని ఇంకో రెండు ఉచ్చులు.

2(య + 3) = 2య + 6. విప్పితే రెండువైపులా అదే. 6 = 6 మిగులుతుంది, య మాయం. పిల్లలు "జవాబు 6" అని రాస్తారు. య ఏదైనా సరే నిజమే అని దానర్థం. 2య + 3 = 2య + 5 అయితే 3 = 5 మిగులుతుంది, ఏ సంఖ్యా పనికిరాదు.

4య = 7య. రెండువైపులా యతో భాగిస్తే 4 = 7. కాబట్టి సాధన లేదు అంటారు. కానీ సున్నా వేసి చూడండి, 0 = 0. సాధన సున్నా. సున్నా కాగల దాంతో భాగించేశారు, ఉన్న ఒక్క జవాబునీ పోగొట్టుకున్నారు. 4య రెండువైపులా తీసేస్తే 0 = 3య, సరిగ్గా వస్తుంది.

అసమీకరణాల్లో యతో భాగించడం ఇంకా ప్రమాదం. య ధనమో రుణమో తెలియదు, కాబట్టి గుర్తు తిప్పాలో వద్దో కూడా తెలియదు.

నీలిమ (ఎడిసన్, న్యూజెర్సీ)

అందరికీ థాంక్స్. వాడితో రోజూ మధ్య వరుస రాయిస్తోంది మా చెల్లి, వాడు గొణుగుతూనే రాస్తున్నాడట. ఇది మాత్రం నిన్న కొత్త ప్రశ్న తెచ్చింది. "ధనసంఖ్యతో గుణిస్తే గుర్తు మారదు, రుణసంఖ్యతో గుణిస్తే తిరుగుతుంది. మరి సున్నాతో గుణిస్తే?" అని. నాకు జవాబు తెలియలేదు, ఇక్కడ అడుగుతానన్నాను.

తర్కం

మంచి ప్రశ్న. 3 < 5ని సున్నాతో గుణిస్తే 0, 0. ఇటు < పెట్టినా అబద్ధమే, అటు > పెట్టినా అబద్ధమే. సమానం ఒక్కటే నిజం. సమీకరణాన్ని సున్నాతో గుణిస్తే అబద్ధం కాదు గానీ 3య − 7 = 11 కాస్తా 0 = 0 అవుతుంది, య గురించి ఏమీ చెప్పదు. అందుకే రెండుచోట్లా "సున్నా కాని సంఖ్యతో" అని పుస్తకాల్లో రాస్తారు. అమ్మాయిని ≤తో కూడా చేసి చూడమనండి: 3 ≤ 5ని సున్నాతో గుణిస్తే 0 ≤ 0, అది నిజమే. మరి దాన్ని వాడుకుని యని కనుక్కోగలమా?

నీలిమ (ఎడిసన్, న్యూజెర్సీ)

చూపించాను. "కనుక్కోలేం, ఏ య వేసినా 0 ≤ 0 నిజమే కాబట్టి అన్నీ జవాబులైపోతాయి" అంది. తర్వాత విజయవాడకి ఫోన్ చేసి వాడిని అదే ప్రశ్న అడుగుతోంది.